యాభై ఏడో కిలోమీటరు

మొన్న ఒకాయన వచ్చాడు. మూతపడ్డ రైలు దారుల చరిత్ర రాస్తున్నాడట. భుజాన సంచీ, సంచీ నిండా మ్యాపులు, మెళ్ళో కెమెరా. మా లైను గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. సున్నపురాయి క్వారీ కోసం వేశారనీ, మొత్తం అరవై ఒక్క కిలోమీటర్లనీ, నది మీద వంతెన కట్టడానికే నాలుగేళ్ళు పట్టిందనీ, క్వారీ మూసేశాక కూడా జనం కోసం మూడు పెట్టెలతో రోజుకొక్క బండి నడిపారనీ గడగడా అప్పజెప్పాడు. నేను తలూపుతూ కూచున్నాను. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"ఆఖరి స్టేషన్ మాస్టరు మీరే కదండీ. యాభై ఏడో కిలోమీటరు దగ్గర నేల కుంగుతోందని మూడేళ్ళ పాటు రోజూ హెచ్చరించారట. మీ జాగ్రత్త వల్లే పెద్ద ప్రమాదం తప్పిందని రాశాను. సరిపోతుందా?"

"సరిపోతుంది" అన్నాను.

టీ ఇచ్చి, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. ఆ లైను మీద నేను చెప్పినన్ని అబద్ధాలు ఇంకెవరూ చెప్పి ఉండరు, అదీ సంతకం పెట్టి మరీ. కానీ ఈ అబద్ధం వేరు. అచ్చయ్యే పుస్తకంలో నన్ను మంచివాణ్ణి చేసి కూచోబెడుతున్నాడు ఆ మహానుభావుడు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. ఆయనకి పంపుతానో లేదో తెలియదు.

మాది లైనుకి చిట్టచివరి స్టేషను. ఒక గది, ఒక ఇనప బల్ల, తిప్పితే గాని మోగని ఫోను, అయిదు నిమిషాలు వెనక్కి నడిచే గోడ గడియారం. మాస్టరూ నేనే, గుమాస్తానూ నేనే, పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద ఆకులు ఊడ్చేదీ నేనే. బండి పొద్దున ఏడూ నలభైకి బయల్దేరి రెండు గంటల్లో జంక్షను చేరేది, సాయంత్రం తిరిగొచ్చేది. మధ్యలో మనిషి లేని హాల్టులు రెండు. డ్రైవరుని అందరూ నిదానం గారు అనేవారు. ఆయన తొందరపడగా చూసినవాళ్ళు లేరు. ఇంజను ఎక్కడం దగ్గర్నుంచి అరటిపండు వొలవడం దాకా అన్నీ ఒకే వేగం.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడక్కండి, అదో పెద్ద భాగోతం. నాకున్నది ఒక్క అక్క. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకి పదిహేను. అప్పట్నుంచీ తల దువ్విందీ, చెవి మెలేసిందీ, బడికి ఈడ్చుకెళ్ళిందీ అక్కే. ఆమె పెళ్ళయి వెళ్ళిపోతే నేను పరీక్షలు రాసి, కావాలని అడిగి మరీ ఈ దిక్కుమాలిన స్టేషను వేయించుకున్నాను. అక్క ఇల్లు స్టేషనుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, లెవెల్ క్రాసింగు గేటు పక్కనే. అదే యాభై ఏడో కిలోమీటరు. బావ వడ్రంగి. గేటు పక్కన రేకుల షెడ్డులో తలుపులూ కిటికీలూ చేసేవాడు. మాట తక్కువ మనిషి. ఏదైనా అడిగితే ముందు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, తర్వాత ఆలోచించి, చివరికి "చూద్దాం" అనేవాడు.

అక్కకి యాభై రెండో ఏట కిడ్నీలు పాడయ్యాయి. రెండూ. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలన్నారు. యంత్రం ఉన్నది జంక్షను ఊరి ఆస్పత్రిలోనే. సోమ, బుధ, శనివారాలు, పొద్దున పదిన్నరకి ఆమె వంతు. రైలుకి అయితే రెండు గంటలు. రోడ్డు మీద వెళ్తే నది చుట్టూ తిరిగి నూట పది కిలోమీటర్లు, రెండు బస్సులు. అంచేత ఆమె ప్రాణం మా బండికి కట్టేసినట్టే.

చిక్కల్లా ఆ నాలుగు కిలోమీటర్లు. బండి ఆమె గుమ్మం ముందు నుంచే వెళ్తుంది, కానీ ఆగదు. బావ ఆమెను సైకిలు వెనక కూచోబెట్టుకుని స్టేషనుకి తెచ్చేవాడు. వచ్చేటప్పుడు మరీ అన్యాయం. ఆ యంత్రం మీంచి లేచాక మనిషిలో ఓపికనేది చుక్క మిగలదు. ఒకసారి సైకిలు మీంచి జారి కంకర మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. "ఏం కాలేదురా, కాస్త కళ్ళు తిరిగాయి" అని నన్నే ఓదార్చింది.

గేటు దగ్గర హాల్టు ఇమ్మని పైవాళ్ళకి అర్జీ పెట్టాను. ఒకటి కాదు, మూడు. మూడింటికీ ఒకటే జవాబు, "పరిశీలనలో ఉన్నది". పాపం, ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారేమో.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. గేటు దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి నేల మెత్తబడింది. ఇలాంటప్పుడు పట్టాల ఇన్‌స్పెక్టరు స్టేషనుకి రాసి పంపుతాడు. స్టేషన్ మాస్టరు రోజూ బండి బయల్దేరేముందు డ్రైవరుకి ఒక చీటీ ఇవ్వాలి. ఫలానా చోట నేల బాగోలేదు, ఇంత వేగం మించకూడదు అని. దాన్ని కాషన్ చీటీ అంటాం. ఒక ప్రతి డ్రైవరుకి, ఒకటి గార్డుకి, మూడోది పుస్తకంలో ఉండిపోతుంది. పుస్తకం నిండితే జంక్షనులో పెద్దాఫీసుకి పంపాలి. నేను రాశాను: "యాభై ఏడో కిలోమీటరు గేటు వద్ద పట్టాల కింద నేల మెత్తగా ఉన్నది. రానూ పోనూ నడక వేగంతో వెళ్ళవలెను."

నడక వేగమంటే ఎవరి నడక అన్నది రూల్సులో లేదు. నిదానం గారు దాన్ని మా అక్క నడక అనుకున్నాడు. ఆ సోమవారం బండి గేటు దగ్గరికొచ్చేసరికి ఆగిందో కదులుతోందో తెలియనంత మెల్లగా అయింది. బావ అక్కను ఎత్తి మెట్టు మీద పెట్టాడు. లోపల ఎవరో చెయ్యిచ్చి లాగారు. సాయంత్రం అలాగే దింపారు. ఆ రాత్రి బావ తనంతట తాను మూడు వాక్యాలు మాట్లాడాడంటే ఎంత సంబరపడ్డాడో చూసుకోండి.

పన్నెండు రోజులకి గ్యాంగువాళ్ళు వచ్చి కంకర పోసి, గట్టిగా దిమ్మిస కొట్టి వెళ్ళారు. "పని పూర్తయినది, చీటీలు ఆపవచ్చును" అని ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. అది మంగళవారం. మర్నాడు బుధవారం, అక్క వెళ్ళాల్సిన రోజు. ఆ కాగితాన్ని సొరుగులో అడుక్కి తోసేసి, పొద్దున్నే మళ్ళీ చీటీ రాశాను.

నిదానం గారు చీటీ చదివి, నా మొహం కేసి చూశాడు. గ్యాంగువాళ్ళు దిమ్మిస కొడుతుంటే ఆయన కళ్ళారా చూశాడు మరి.

"ఇంకా మెత్తగానే ఉందా మాస్టారూ?"

"ఉందండీ."

"ఉంటుంది, ఉంటుంది. నేల సంగతి మనకేం తెలుసు" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ ఆ విషయం మా మధ్య రాలేదు. సోమ, బుధ, శనివారాలకే రాస్తే ఎవడికైనా అనుమానం రావచ్చని తెలివిగా రోజూ రాశాను. ఎంత తెలివో! మూడేళ్ళు ఒక్కరోజు సెలవు పెట్టలేదు. నా బదులు వచ్చినవాడు చీటీ రాయడు కదా. జ్వరంతో వొళ్ళు కాలిపోతున్నా ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి చీటీ ఇచ్చి వచ్చి పడుకునేవాణ్ణి.

ఈలోగా గేటు చుట్టుపక్కల నలభై గడపల వాళ్ళూ అక్కడే ఎక్కడం మొదలెట్టారు. స్కూలు టీచరమ్మ, కుట్టుపని చేసే ఆడవాళ్ళు, కూరగాయల గంపలు. గ్యాంగు మేస్త్రీ పెళ్ళాం కూడా అక్కడే ఎక్కేది, అందుకని మేస్త్రీ నోరెత్తలేదు. అక్కకి కిటికీ పక్క సీటు అట్టే పెట్టేవాళ్ళు. ఆమె మొహంలో మళ్ళీ కాస్త రంగొచ్చింది. నా చొక్కాలకి బొత్తాలు కుట్టేంత, నన్ను తిట్టేంత ఓపిక వచ్చింది. నిజం చెప్పాలంటే నా జీవితంలో నేను సుఖంగా ఉన్నది ఆ మూడేళ్ళే.

నా ధీమా అంతా ఒకటే. ఆ పుస్తకాలు పెద్దాఫీసుకి వెళ్తాయి, అక్కడ ఎవడూ చదవడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో నేను పంపిన ఏ కాగితాన్నీ ఎవరూ చదివిన దాఖలా లేదు. అలాంటి ఆఫీసులోకి చదివే మనిషి ఒకావిడ కొత్తగా వచ్చింది. నా ఖర్మ అనుకోవాలి. బీరువాలు తెరిపించి, దుమ్ము దులిపించి, నా పుస్తకాలన్నీ మొదట్నుంచీ చివరిదాకా చదివింది.

నెల మొదట్లో ఉత్తర్వు వచ్చింది. "యాభై ఏడో కిలోమీటరు వద్ద నేల మూడు సంవత్సరములుగా నిలకడ లేక ఉన్నందున, మరమ్మతు సాధ్యపడనందున, ప్రయాణికుల క్షేమము దృష్ట్యా ఈ నెలాఖరు నుండి లైను మూసివేయబడును." నాలుగుసార్లు చదివాను. నా గొయ్యి నేను తవ్వుకుంటే ఫరవాలేదు. అక్కను కూడా అందులోకి తోశాను.

సాయంత్రం బండి వచ్చాక నిదానం గారికి చూపించాను. వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. ఆయన ఇంజను మెట్టు మీద కూచుని చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడుచుకున్న చేతులే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

"నాకింకా ఏడు నెలలుంది మాస్టారూ" అన్నాడు చివరికి. ఏడు నెలల్లో పెన్షను. మధ్యలో సస్పెండు చేస్తే అదీ పోతుంది. ఉత్తర్వు మడుచుకుని గదిలోకి వచ్చేశాను. పొద్దున చీటీ అందుకుంటూ ఆయనే కదిపాడు. "రాత్రంతా ఆలోచించాను. చెప్పేయండి. అమ్మాయి ప్రాణం కంటే ఎక్కువేం కాదు." యాభై అయిదేళ్ళ మా అక్క ఆయనకి అమ్మాయి!

ఆ బండిలోనే వెళ్ళాను. ఆఫీసులో ఆవిడ నన్ను చూడగానే కుర్చీలోంచి లేచింది. నాకోసం ఏ అధికారీ లేవడం నేనెరగను. బల్ల మీద నా పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"కూర్చోండి మాస్టరు గారూ. మిమ్మల్ని చూడాలనుకుంటున్నాను. వెయ్యీ అరవై రెండు చీటీలు. ఒక్కరోజు మానలేదు మీరు. మన డివిజన్లో ఇంత బాధ్యత గల మనిషి ఇంకొకరు లేరు."

"మేడమ్, పట్టాలు బాగున్నాయండీ" అన్నాను.

"అంటే?"

మొత్తం చెప్పాను. అక్క, సైకిలు, వాన, సొరుగులో కాగితం. డ్రైవరు నా చీటీ ప్రకారం నడుచుకున్నాడే తప్ప ఆయన తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. చెప్పడం అయ్యాక ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "మీ అక్కగారికి ఇప్పుడెలా ఉంది?" అంది. నేను తిట్లకి సిద్ధపడి వచ్చాను గాని ఆ ప్రశ్నకి కాదు. ఏడ్చేశాను. అంత వయసు మగాణ్ణి, ప్యూను చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆవిడ నీళ్ళు తెప్పించింది. "మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ నేను నమ్మితే లైను నడవదు, మూడేళ్ళ నాటి ఆ కాగితమూ ఇప్పుడు చెల్లదు. నేల గట్టిగా ఉందని ఇంజనీరు రాసివ్వాలి. ఎల్లుండే పంపిస్తాను, సరేనా?" అంది. దేవతలా కనిపించింది. ఇంటికి వస్తూ దారంతా ఇంక కొంప నిలబడినట్టే అనుకున్నాను.

అన్నట్టే ఇంజనీరు వచ్చాడు. గేటుకి అటు అర కిలోమీటరు, ఇటు అర కిలోమీటరు నడిచాడు. సుత్తితో పట్టాలు కొట్టి చెవి పెట్టి విన్నాడు. బావ దగ్గర గునపం అడిగి తీసుకుని కంకరలో పొడిచాడు. గునపం దిగలేదు. ఇంకోచోట పొడిచాడు. దిగలేదు.

"బండరాయిలా ఉంది" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఇంత గట్టి నేల మీ లైను మొత్తంలో ఇంకెక్కడా లేదు."

బావ నా కేసి చూసి నవ్వాడు. ఇంజనీరు వచ్చి షెడ్డులో బావ పని బల్ల మీద కాగితాలు పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. అక్క లోపల్నుంచి నీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను. "పైకి లోపము కనిపించలేదు. లోపలి స్థితి తవ్వి చూసినగాని నిర్ధారించలేము" అని ఉంది.

"అదేంటండీ! బండరాయిలా ఉందని ఇప్పుడే కదా అన్నారు?"

"అన్నాను. అనడం వేరు, రాయడం వేరు."

"తవ్వాలంటే ఎన్నాళ్ళు?"

"తవ్వడమంటే బండి ఆపాలి, పైనుంచి మంజూరు రావాలి. ఏడాదో, రెండేళ్ళో. మూసేద్దామనుకున్న లైనుకి మంజూరు ఇవ్వరనుకోండి."

"మీరు కళ్ళారా చూశారు కదా, గట్టిగా ఉందని ఒక్క ముక్క రాయండి" అన్నాను. నా రెండు చేతులూ ఎప్పుడు జోడించానో నాకే తెలియదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఇబ్బందిగా కలం మూత పెట్టాడు. "వెయ్యీ అరవై రెండు సార్లు మెత్తగా ఉందని మీరు రాశారు మాస్టారూ. గట్టిగా ఉందని నేను ఒక్కసారి రాస్తాను. రేపు వానలొచ్చి ఏదైనా అయిందనుకోండి. ఎవరి మెడకి చుట్టుకుంటుంది? చీటీలు రాసినవాడికా, గట్టిగా ఉందన్నవాడికా? నాకూ పిల్లలున్నారు" అన్నాడు. అక్క ఇచ్చిన నీళ్ళు తాగి, "థాంక్సమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆమె ఎవరో కూడా ఆయనకి తెలియదు.

నేను తల తిప్పేసరికి అక్క అలాగే గుమ్మంలో ఉంది. ఈ చీటీల సంగతి ఆమెకు మేము ఎప్పుడూ చెప్పలేదు. నేల నిజంగానే బాగోలేదనుకునేది.

"మూడేళ్ళూ నువ్వే రాశావా?"

"అవునక్కా."

"ఒరే, ఎక్కినప్పుడల్లా నేల కుంగిపోతుందేమోనని గుండెలు అరచేతిలో పెట్టుకుని ఎక్కేదాన్ని కదరా!" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "నాకోసమా? నలభై ఇళ్ళవాళ్ళ బండి. ఆ టీచరమ్మ మొహం నేనెలా చూడనురా?"

బావ గునపం తీసుకెళ్ళి మూల పెట్టి, చిత్రిక పట్టడం మొదలెట్టాడు.

అక్క పోరు పెడితే అంతా కాగితం మీద పెట్టాను. మూడు పేజీలు. పట్టాలు బాగున్నాయి, చీటీలు అబద్ధం, శిక్ష ఏదైనా నాకే వేయండి అని. సంతకం చేసి, తేదీ వేసి, రిజిస్టరు పోస్టులో పంపాను. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదకొండో రోజు జవాబు వచ్చింది. విప్పి చూస్తే ప్రశంసా పత్రం. అప్రమత్తతతో ప్రయాణికుల ప్రాణాలు కాపాడినందుకు అభినందనలట. కింద ప్రమోషను, బదిలీ. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ దూరం ఉన్న పెద్ద స్టేషనుకి.

ఫోను తిప్పి తిప్పి, చేతులు పడిపోయేదాకా తిప్పి, ఆవిణ్ణి పట్టుకున్నాను.

"మీ ఉత్తరం అందింది మాస్టరు గారూ. నా సొరుగులోనే ఉంది" అంది.

"ఫైల్లో పెట్టండి మేడమ్."

"పెట్టమంటే ఇప్పుడే పెడతాను. ముందు ఏమవుతుందో వినండి. పెట్టిన రోజే డ్రైవరుని సస్పెండు చేయాలి. మెత్తగా లేదని తెలిసీ అక్కడ ఎక్కించుకున్నాడని అడుగుతారు. తర్వాత మిమ్మల్ని. లైను మాత్రం తెరవలేను. ఇంజనీరు కాగితం కాగితంలాగే ఉంటుంది. పట్టాలు పీకే పని కూడా ఒకరికి అప్పగించేశారు పైనుంచి." అంతా చెప్పి, "పెట్టమంటారా?" అంది.

తప్పు చేశానని ఒప్పుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది. కిటికీలోంచి చూస్తే నిదానం గారు ఇంజనుకి నూనె పోస్తున్నాడు, ఎప్పటిలాగే, చుక్క కింద పడకుండా.

"వద్దు" అన్నాను.

నెలాఖరున ఆఖరి బండి వెళ్ళింది. జనం వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. నేను పొద్దున చీటీ రాసిచ్చాను. అలవాటు. నిదానం గారు గేటు దగ్గర ఆపేశాడు. నిజంగానే ఆపేశాడు, బ్రేకులు వేసి, దిగి మరీ వచ్చి అక్కకి చెయ్యిచ్చాడు. ఇంక ఆయన్ని అడిగేదెవరు?

నేను ప్రమోషను వద్దని రాజీనామా ఇచ్చి అక్క ఇంటికి చేరాను. ఇద్దరు మనుషులు కావాలి మరి. తెల్లవారుజామున బావ, నేనూ ఆమెను తోపుడుబండి మీద బస్సు రోడ్డు దాకా తీసుకెళ్ళేవాళ్ళం. అయిదింటి బస్సు. కూడలిలో దిగి రెండో బస్సు కోసం రెండు గంటలో రెండున్నరో. ఆస్పత్రికి పదకొండున్నరకి చేరితే ఆమె వంతు అయిపోయేది. ఎవరైనా రాకపోతే సాయంత్రం ఖాళీ ఇచ్చేవాళ్ళు. అంబులెన్సు అడిగాం. అది ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకేనట. జంక్షను ఊళ్ళోనే ఉందామని గది వెతికాం. ఆస్పత్రి చుట్టుపక్కల గదులన్నీ ఇలాంటి రోగులతోనే నిండిపోయాయి. ఉన్నవి మూడో అంతస్తులో. కింది గది ఒకటి నెలన్నరలో ఖాళీ అవుతుందన్నారు. చేతిలో ఉన్న పని వదిలేసి బావ ఆ గదికి సరిపడా మంచం చేయడం మొదలెట్టాడు.

వారానికి మూడుసార్లు కాస్తా రెండయింది. రెండు ఒకటయింది. కాళ్ళు వాచాయి. బస్సులో తల నా భుజం మీద పెట్టి పడుకుని, ప్రతి గుంతకీ మూలిగేది. కండక్టరు జాలిపడి ముందు సీటు ఇచ్చేవాడు, అంతకంటే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఒక శనివారం తెల్లవారుజామున లేపడానికి వెళ్తే అప్పటికే మెలకువగా ఉంది. జుట్టు దువ్వుకుని, గోడకి ఆనుకుని కూచుంది. బయల్దేరడానికేమో అనుకున్నాను.

"నేను రానురా" అంది. "అలిసిపోయాను."

"అక్కా, పద్ధెనిమిది రోజులు. గది వస్తుంది. మంచం కూడా అయిపోవచ్చింది, ఇంకెన్నాళ్ళు!"

"మీ బావని వార్నిషు వెయ్యొద్దను. ఆ వాసన నాకు పడదు."

బతిమాలాను. కోప్పడ్డాను. బావ తలుపు దగ్గర తోపుడుబండి పట్టుకుని నిలబడ్డాడు, చూద్దాం అని కూడా అనలేదు. బయట రోడ్డు మీద బస్సు హారను వినిపించి, దూరమైపోయింది. అక్క నా చెయ్యి తీసుకుని వొళ్ళో పెట్టుకుంది. చిన్నప్పుడు పరీక్ష తప్పి వస్తే ఇలాగే పెట్టుకునేది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. పట్టాలు బాగున్నాయని ఆఫీసులో ఆవిడతో చెప్పావా?"

"చెప్పానక్కా. మొదటి రోజే చెప్పాను."

"ఆవిడ నమ్మిందా?"

"నమ్మింది."

అక్క నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే చూసింది.

"మరి?" అంది.

ఇంకో తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజుల్లోనూ ఆ మాటకి నేను జవాబు చెప్పలేకపోయాను.